రోజూ పావుగంట తడి గరికకు అక్కర్లేదు, రేగడికి పట్టదు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన ఇంజినీరును. సర్వీసులో ఎక్కువ భాగం నంద్యాల చుట్టుపక్కల, కె.సి. కెనాల్ మీద గడిచింది. ఇప్పుడు అమెరికాలో, డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మీ పత్రిక రోజూ ఫోన్లో చదువుతాను. ప్రవాసుల పేజీలో సంఘాల సభలు, పండుగల ఫొటోలు వేస్తున్నారు, సంతోషం. ఆ పేజీలోనే ఇక్కడ ఇళ్లు కొనుక్కున్న మన పిల్లలకు రోజూ పనికొచ్చే ఒక విషయం కూడా చోటు చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇంటి ముందు పచ్చికకు స్ప్రింక్లర్లతో నీళ్లు పెట్టే పద్ధతి గురించి. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నీళ్ల లెక్కలతో జీవితం గడిపినవాడిగా నాకు ఇది చిన్నదిగా అనిపించడం లేదు. కాస్త పొడవైనా ఓపిగ్గా చదవమని మనవి.

ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా, మెకినీ, ప్లేనో, అర్వింగ్... ఇటువైపు ఏ కొత్త కాలనీకి వెళ్లినా మనవాళ్లే. ఇంచుమించు ప్రతి ఇంటికీ ముందూ వెనకా లాన్, దాని కింద పైపులు, గ్యారేజీ గోడకు ఒక కంట్రోలర్ డబ్బా ఉంటాయి. టైమ్ పెడితే దానంతట అదే జోన్ తర్వాత జోన్ (లాన్‌లో ఒక్కో భాగాన్ని జోన్ అంటారు) తెరుచుకుని నీళ్లు చిమ్ముతుంది, ఆగిపోతుంది. మంచి ఏర్పాటు. కాలువ మీద మేం లస్కర్లతో, తూములతో, రాత్రిపూట గొడవలతో పడ్డ పాట్లు తెలిసినవాడిగా దాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ తెల్లవారుజామున వాకింగుకు వెళ్తే, వీధి అంచున కాంక్రీటు గట్టు వెంబడి నీళ్లు పారుతూ కనిపిస్తాయి. ఒక ఇంటి ముందు కాదు, వరసగా. అదంతా శుద్ధిచేసిన తాగునీరు. డ్రైన్లోకి పోతోంది.

మా పక్కింటి కుర్రాడిది గుంటూరు. సాఫ్ట్‌వేర్లో పెద్ద ఉద్యోగం. "ఏం బాబూ, నీళ్లు రోడ్డుమీదికి పోతున్నాయే, ఎన్ని నిమిషాలు పెట్టావు?" అని అడిగాను. "తెలీదంకుల్, బిల్డర్ వాళ్లు ఎలా పెట్టారో అలాగే ఉంది. గడ్డి పచ్చగానే ఉంది కదా" అన్నాడు. అడిగినవాళ్లలో చాలామంది ఇదే మాట చెప్పారు. ఇంట్లో ఏది చెడినా యూట్యూబ్ చూసి బాగుచేసుకునే పిల్లలు ఆ డబ్బాను మాత్రం తెరిచి చూడరు.

బిల్డర్లు ఎలా పెడతారో చెబుతాను. ఇల్లు అప్పగించేముందు మట్టిమీద గడ్డి పలకలు తెచ్చి పరుస్తారు. ఆ పలకకు వేరు ఉండదు, అంగుళం మందాన కోసిన మట్టి మాత్రమే ఉంటుంది. అది కింది నేలలో వేరు పట్టేదాకా, అంటే రెండు మూడు వారాలు, రోజూ కొద్దికొద్దిగా తడుపుతూ ఉండాలి. పసిబిడ్డకు గంటగంటకూ పాలు పట్టినట్టన్నమాట. అందుకోసం రోజూ పావుగంట చొప్పున టైమర్ పెట్టి వెళ్లిపోతారు. ఆ తర్వాత దాన్ని మార్చాల్సింది ఇంటివాళ్లు. ఆ సంగతి వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు. మా అమ్మాయి ఇంట్లోనూ ఇదే జరిగింది. ఇల్లు కట్టిన కంపెనీ తాళాలు ఇచ్చింది, ఫ్రిజ్ వారంటీ కాగితం ఇచ్చింది, స్ప్రింక్లర్ కాగితాలు మాత్రం ఇవ్వలేదు. నిజానికి టెక్సస్ నియమాల ప్రకారం, లైసెన్సున్న ఇరిగేటర్, అంటే స్ప్రింక్లర్లు అమర్చే పనివాడు, కొత్త సిస్టమ్ అమర్చాక పైపులూ నీరు చిమ్మే హెడ్లూ ఎక్కడున్నాయో చూపే ప్లాను, ఏ కాలంలో ఎంతసేపు తడపాలో చెప్పే షెడ్యూలు, మెయింటెనెన్స్ జాబితా యజమానికి ఇచ్చితీరాలి. కొత్త ఇల్లు తీసుకునే పిల్లలు ఆ కాగితాలు అడిగి తీసుకోవాలి. వాళ్లంతట వాళ్లు ఇస్తారని ఊరుకోవద్దు.

ఇప్పుడు లెక్క చూద్దాం. మామూలు స్ప్రే హెడ్, అంటే నేలలోంచి పైకి లేచి విసనకర్రలా చిమ్మేది, గంటకు సుమారు అంగుళంన్నర నీరు పోస్తుంది. పావుగంటకు మూడో వంతు అంగుళం దాటుతుంది. రోజూ పెడితే వారానికి రెండున్నర అంగుళాల పైమాటే. ఇక్కడ నడి వేసవిలో కూడా బెర్ముడా గడ్డికి వారానికి ఒక అంగుళం చాలు, వానతో కలిపి. వెయ్యి చదరపు అడుగుల లాన్‌మీద అంగుళం నీరు పడిందంటే 623 గ్యాలన్లు, అంటే దాదాపు 2,360 లీటర్లు. నాలుగు వేల చదరపు అడుగుల లాన్ ఉన్న ఇంట్లో అదనంగా పోసే అంగుళంన్నర వారానికి సుమారు 14 వేల లీటర్లవుతుంది. హైదరాబాద్‌లో అయిదువేల లీటర్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసిన కుటుంబాలకు ఈ అంకె విడమరిచి చెప్పనక్కర్లేదు. దాదాపు మూడు ట్యాంకర్లు, ఒక్క ఇంటివి, ఒక్క వారంలో. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా ఇళ్ల బయట వాడే నీటిలో సగం దాకా గాలికి, ఎండకు పోయి, వీధిలోకి పారిపోయి వృథా అవుతోందని చెబుతోంది.

బెర్ముడా అంటే ఏదో విదేశీ గడ్డి అనుకుంటారు మనవాళ్లు. అది మన గరికే. వినాయకచవితికి ఇరవయ్యొక్క పత్రిలో కోసి తెచ్చుకునే దూర్వాయుగ్మం. వృక్షశాస్త్రంలో రెండింటికీ ఒకటే పేరు, సైనడాన్ డాక్టిలాన్. ఇక్కడి లాన్లలో పరిచే రకాలు చాలావరకు దాన్నీ దాని దగ్గరి చుట్టాన్నీ కలిపి తీసిన సంకరాలు. గరికను ఎరగని రైతు మన దగ్గర ఉండడు. ఎండాకాలం గట్టుమీద ఎండిపోయి కనిపిస్తుంది, తొలకరి పడగానే లేస్తుంది. నాగలితో తీసినా పోదు. పోయిందనుకున్న చోట మళ్లీ వస్తుంది. అలాంటి గడ్డికి రోజూ నీళ్లు పెట్టకపోతే చస్తుందని భయపడుతున్నారు. నేల లోతుగా తడిసి, పైన ఆరితే గరిక వేరు నీటికోసం కిందికి పోతుంది. రోజూ పైపైన తడిస్తే వేరు పై రెండంగుళాల్లోనే ఉండిపోతుంది. ఆగస్టులో 40 డిగ్రీల ఎండ తగిలినప్పుడు ముందు వాడిపోయేది అలా పెంచిన గడ్డే. చాలా నీళ్లు పోస్తున్నా ఎండిపోతోందని అప్పుడు ఇంకో అయిదు నిమిషాలు పెంచుతారు. చెట్ల నీడ ఉన్న ఇళ్లలో సెయింట్ ఆగస్టీన్ అని వెడల్పాకు గడ్డి వేస్తారు, దానికి నీరు కాస్త ఎక్కువ కావాలి. దానికీ రోజూ తడి అక్కర్లేదు.

నేల సంగతి ఇంకా ముఖ్యం. డాలస్ చుట్టుపక్కల బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని ఒక నల్లనేలల పట్టీ ఉంది. నేను మొదటిసారి ఇక్కడ మట్టి చేతిలోకి తీసుకున్నప్పుడు నంద్యాల రేగడే అనిపించింది. అది నిజంగా ఆ జాతి నేలే. వాన పడితే ఉబ్బి బంకలా అంటుకుంటుంది, ఎండితే చెయ్యిపట్టేంత బీటలు వేస్తుంది. మన వైపు ఆ నేలలో శనగ వేసి, వాన వెళ్లిపోయాక మిగిలిన పదునుతోనే పంట తీస్తారు. నీటిని అంతగా పట్టి ఉంచుకుంటుంది రేగడి. కానీ లోపలికి మాత్రం చాలా నెమ్మదిగా తీసుకుంటుంది. బీటలు మూసుకున్నాక గంటకు అంగుళంలో పదో వంతు, అయిదో వంతు ఇంకితే గొప్ప. స్ప్రే హెడ్ గంటకు అంగుళంన్నర పోస్తుంటే అది తీసుకోలేదు. ఏడెనిమిది నిమిషాల్లో పైన నీరు నిలుస్తుంది, పల్లం చూసుకుని వీధిలోకి పారుతుంది. పావుగంటలో రెండో సగం రోడ్డుకే పెట్టినట్టు.

దీనికి ఇక్కడి వ్యవసాయ విస్తరణ విభాగంవాళ్లు చెప్పే పద్ధతి చాలా సులువు. ఒకేసారి ఇరవై నిమిషాలు పెట్టకుండా ఏడేసి నిమిషాల చొప్పున మూడుసార్లు పెట్టడం, మధ్యలో ముప్పావు గంటో గంటో ఇంకనివ్వడం. మొదటి విడత పైమట్టిని తడుపుతుంది, రెండోది మూడోది కిందికి దిగుతాయి. ఒక రోజుకు అర అంగుళం వస్తుంది. వారానికి రెండు రోజులు ఇలా పెడితే అంగుళం పూర్తవుతుంది. మా అమ్మాయి ఇంట్లో ఆరు జోన్లు, అన్నీ స్ప్రే హెడ్లే. ఒక విడతకు ఆరేడులు నలభైరెండు నిమిషాలు. అందుకని మూడున్నరకు, నాలుగున్నరకు, అయిదున్నరకు మొదలయ్యేలా పెట్టాను. ఆరుంపావుకల్లా అంతా అయిపోతుంది. గాలి ఉండదు, ఎండ రాదు, సూర్యుడు వచ్చాక ఆకు ఆరిపోతుంది. రాత్రి తొమ్మిదికీ పదికీ పెట్టేవాళ్లను చూశాను. ఆకు రాత్రంతా తడిగా ఉంటే బూజు తెగుళ్లు వస్తాయి, ముఖ్యంగా సెయింట్ ఆగస్టీన్‌కు చక్రాల్లాంటి గోధుమరంగు మచ్చలు. మధ్యాహ్నం పెడితే చాలా నీరు గాలికే పోతుంది. డాలస్ నగరంలో ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా పొద్దున పది నుంచి సాయంత్రం ఆరు మధ్య స్ప్రింక్లర్లు వేయడమే నిషేధం. ఏ కాలంలోనైనా వారానికి రెండు రోజులకు మించకూడదన్న నియమం 2012 నుంచి అక్కడ శాశ్వతంగా ఉంది. పక్క ఊళ్లకు వేరువేరు నియమాలున్నాయి. మీ ఊరి వెబ్‌సైటు చూసి మీకు ఏ రోజులు కేటాయించారో తెలుసుకోండి.

కంట్రోలర్ దగ్గర మనవాళ్లు ఎక్కువగా తికమకపడేది స్టార్ట్ టైమ్ దగ్గరే. దీని గురించి కాస్త వివరంగా రాయాలి. స్టార్ట్ టైమ్ అంటే ప్రోగ్రామ్ మొత్తం మొదలయ్యే సమయం. ఒకటి పెడితే చాలు, జోన్లన్నీ వరసగా వాటంతట అవే నడుస్తాయి. ఒక్కో జోనుకు ఒక్కో స్టార్ట్ టైమ్ పెట్టాలేమో అనుకుని ఆరు జోన్లకు ఆరు టైములు పెట్టినవాళ్లున్నారు. అప్పుడు లాన్ అంతా రోజుకు ఆరుసార్లు తడుస్తుంది. ఇక ఆ డబ్బాలో ఎ, బి, సి అని మూడు ప్రోగ్రాములుంటాయి. ఎ సరిచేసి తృప్తిపడతారు, బిలో ఎవరో ఎప్పుడో పెట్టిన పాత టైమ్ అలాగే ఉంటుంది, అదీ నడుస్తుంది. డయల్‌ను బికి, సికి తిప్పి స్టార్ట్ టైములన్నీ ఖాళీగా ఉన్నాయా అని చూడాలి. పాత కంట్రోలర్లలో బ్యాటరీ అయిపోయి ఉంటే కరెంటు పోయి వచ్చాక సెట్టింగులన్నీ చెరిగిపోయి, రోజూ పది నిమిషాల పద్ధతికి తిరిగి వెళ్లిపోయేవి కూడా ఉన్నాయి. ఉరుములూ మెరుపులతో పెద్ద వాన పడిన మర్నాడు ఒకసారి డబ్బా తెరవడం మంచి అలవాటు.

నేను చెప్పిన నిమిషాలు మా ఇంటికి సరిపోయినవి. మీ ఇంట్లో ఎంత పడుతుందో కొలిచి చూసుకోవాలి. పెద్ద సామానేం అక్కర్లేదు. ట్యూనా చేపలు వచ్చే పొట్టి డబ్బాలో, నిలువు గోడలున్న ప్లాస్టిక్ గిన్నెలో ఆరేడు తీసుకుని ఒక జోన్లో అక్కడక్కడా పెట్టండి. హెడ్ పక్కన ఒకటి, రెండు హెడ్ల మధ్య ఒకటి, మూలల్లో ఒకటి. పావుగంట నడిపి స్కేలు పెట్టి కొలవండి. అన్నీ కలిపి సగటు తీసి నాలుగుతో గుణిస్తే ఆ జోన్ గంటకు ఎన్ని అంగుళాలు పోస్తుందో వస్తుంది. సగటుకంటే డబ్బాల మధ్య తేడా ఎక్కువ విషయాలు చెబుతుంది. ఒకదాంట్లో అర అంగుళం, ఇంకోదాంట్లో అడుగు తడిసీ తడవనట్టు ఉంటే నిమిషాలు పెంచి ప్రయోజనం లేదు, హెడ్లు చూడాలి. తిరుగుతూ సన్నని ధార చిమ్మే రోటర్ రకం నాజిళ్లు గంటకు అర అంగుళం అటూఇటూ మాత్రమే పోస్తాయి, వాటికి మూడింతల సమయం కావాలి. నేల నిదానంగా తీసుకుంటుంది కాబట్టి మన రేగడికి అవే నయం. కానీ ఒకే జోన్లో కొన్ని స్ప్రేలు, కొన్ని రోటర్లు కలిపి పెడితే ఒకచోట బురద, ఒకచోట ఎండు. ఆ రెండూ ఒక వాల్వు మీద ఉండకూడదు.

నీరు ఎంత లోతుకు దిగిందో తెలియాలంటే మర్నాడు పొడుగాటి స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చండి. తడిసినంత లోతు సులువుగా దిగి ఎండు మట్టి తగిలినచోట ఆగిపోతుంది. అయిదారు అంగుళాలు దిగితే బాగా తడిసినట్టు. మళ్లీ ఎప్పుడు పెట్టాలో గడ్డే చెబుతుంది. గడ్డిమీద నడిచి వెనక్కి చూస్తే అడుగుల గుర్తులు లేవకుండా అలాగే ఉండిపోయినా, రంగు కాస్త నీలిబూడిదగా తిరిగినా అప్పుడు తడి కావాలి. ఆ గుర్తులు కనపడేదాకా ఆగడానికి ధైర్యం చాలని పిల్లలకు నేను చెప్పేది ఒకటే, గరిక మీరనుకున్నంత సుకుమారం కాదు.

నెలకోసారి పగటిపూట ప్రతి జోనూ రెండు నిమిషాలు నడిపి వెంట నడిచి చూడాలి. మన సిస్టమ్ నడిచేది అందరూ నిద్రపోతున్నప్పుడు కాబట్టి చెడింది కూడా ఎవరికీ కనపడదు. లాన్‌మోవర్ తగిలి ఒక నాజిల్ ఎగిరిపోతే అక్కడ నీరు ఫౌంటెన్‌లా లేస్తుంది, మిగతా హెడ్లు పైకి లేవనే లేవవు. కొన్ని హెడ్లు ఏళ్ల తరబడి గడ్డిలోకి కూరుకుపోయి, చిమ్మేది చిమ్మేచోటే ఆకులకు తగిలి ఆగిపోతుంది. కొన్ని వంగిపోయి కంచెను తడుపుతుంటాయి. పొగమంచులా నీరు గాలిలో తేలిపోతుంటే ప్రెషర్ ఎక్కువైనట్టు. స్ప్రే హెడ్‌కు ముప్పై పీఎస్ఐ (నీటి ప్రెషర్ కొలత) చాలు, అంతకుమించితే నీరు చుక్కగా పడదు. ప్రెషర్ తగ్గించే ఏర్పాటు ఉన్న హెడ్లు దొరుకుతాయి. జోన్ ఆగిపోయాక పల్లంలో ఉన్న హెడ్ దగ్గర చాలాసేపు నీరు ఊరుతుంటే పైపులో మిగిలిన నీరంతా అక్కడ ఖాళీ అవుతోందన్నమాట. లోపల చెక్ వాల్వ్, అంటే ఆగాక నీటిని బయటికి పోనివ్వని మూత, ఉన్న హెడ్ మారిస్తే పోతుంది. భూమిలో లీకు ఉందేమోనని అనుమానం వస్తే ఇంట్లో నీళ్లన్నీ కట్టేసి వీధి అంచున ఉన్న మీటరు మూత తీసి చూడండి. ముఖంమీద చిన్న త్రికోణం ఉంటుంది. అన్నీ ఆపినా అది తిరుగుతూనే ఉంటే ఎక్కడో నీరు పోతోంది. కొన్ని ఊళ్లలో నగరపాలక సంస్థే మనిషిని పంపి సిస్టమ్ ఉచితంగా పరీక్ష చేయిస్తుంది. మీ ఊళ్లో ఉందేమో కనుక్కోండి.

నడకదారికీ రోడ్డుకూ మధ్య ఉండే సన్నటి గడ్డి పట్టీ గురించి నాకు ప్రత్యేకంగా బాధ. రెండు వైపులా కాంక్రీటు. ఎంత సరిగ్గా పెట్టినా స్ప్రే సగం సిమెంటు మీదే. అందుకే 48 అంగుళాలకంటే సన్నగా, కాంక్రీటు మధ్య ఉన్న జాగాల్లో కొత్తగా స్ప్రే హెడ్లు పెట్టకూడదని టెక్సస్ నియమాల్లోనే ఉంది. పాత ఇళ్లున్నవాళ్లు ఆ ఒక్క జోనును డ్రిప్‌కు మార్చుకుంటే చాలా తేడా కనిపిస్తుంది. అనంతపురం రైతు చీనీ తోటకు వాడేది ఏదో అదే డ్రిప్. ఇక్కడ మట్టిలో నాలుగు నుంచి ఆరు అంగుళాల కింద పరుస్తారు.

వాన సంగతి చెప్పాలి. డాలస్‌లో ఏడాదికి సగటున 37 అంగుళాల వాన పడుతుంది, అంటే మన కర్నూలు జిల్లా వానకంటే ఎక్కువే. మే నెలలో మరీ ఎక్కువ. జోరున వాన పడుతుంటే స్ప్రింక్లర్లు నడుస్తున్న ఇళ్లు ఇక్కడ నిత్యం కనిపిస్తాయి. 2009లో అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం కొత్త ఆటోమేటిక్ సిస్టమ్‌కు వాన సెన్సర్ తప్పనిసరి. చూరు అంచున బొటనవేలంత గొట్టంలా ఉంటుంది. లోపల బెండులాంటి బిళ్లలు వానకు ఉబ్బి స్విచ్చిని నొక్కి సిస్టమ్‌ను ఆపుతాయి, ఎండాక మళ్లీ వదులుతాయి. నాలుగైదేళ్లకు ఆ బిళ్లలు పాడైపోతాయి. పైగా కంట్రోలర్ మీద సెన్సర్‌ను పక్కన పెట్టే బైపాస్ స్విచ్ ఒకటుంటుంది. పనివాళ్లు రిపేరుకు వచ్చినప్పుడు బైపాస్‌లో పెట్టి మళ్లీ మార్చకుండా వెళ్లిపోతారు. సెన్సర్ ఉందిలే అని నిశ్చింతగా ఉన్న ఇళ్లలో ముందు చూడాల్సింది ఆ స్విచ్చే. వాతావరణాన్ని బట్టి నిమిషాలు తనే మార్చుకునే స్మార్ట్ కంట్రోలర్లు వచ్చాయి. మంచివే, కానీ గడ్డి రకం, నేల, హెడ్ రకం మనం సరిగ్గా చెప్పకపోతే అవీ తప్పుగానే పెడతాయి. ఇవేవీ వద్దనుకునేవాళ్లకు టెక్సస్ ఏ అండ్ ఎం వ్యవసాయ విస్తరణ విభాగం, ఇక్కడి నీటి సంస్థ కలిసి వాటర్ మై యార్డ్ అనే ఉచిత సేవ నడుపుతున్నాయి. మన అడ్రసు, హెడ్ రకం ఇస్తే దగ్గరి వాతావరణ కేంద్రం లెక్కల ప్రకారం ఈ వారం ఎన్ని నిమిషాలు పెట్టాలో మెయిల్‌లో చెబుతుంది. చాలా వారాలు అసలు పెట్టనక్కర్లేదనే చెబుతుంది.

చలికాలం ఇంకా సులువు. నవంబరులో మంచు పడటం మొదలయ్యాక గరిక ఎండుగడ్డి రంగుకు తిరిగి నిద్రపోతుంది, మార్చి దాకా లేవదు. ఆ నాలుగు నెలలూ కంట్రోలర్ ఆఫ్‌లో పెట్టి, మరీ నెలల తరబడి వాన లేకపోతే ఎప్పుడైనా ఒక తడి ఇస్తే సరి. రంగు పోయిందని నీళ్లు పెంచితే ఆ గడ్డి లేవదు. పైగా గడ్డకట్టే రాత్రి స్ప్రింక్లర్ నడిస్తే నడకదారి అద్దంలా అవుతుంది, తెల్లారి ఎవరైనా పెద్దవాళ్లు కాలు జారితే ఎముక విరుగుతుంది. బయట నేలమీద కనిపించే బ్యాక్‌ఫ్లో పరికరానికి (లాన్ నీరు తాగునీటి పైపులోకి వెనక్కి రాకుండా ఆపేది) గుడ్డో, దానికోసం అమ్మే సంచో చుట్టాలి. 2021 ఫిబ్రవరి చలికి టెక్సస్ అంతటా ఎన్ని పైపులు పగిలాయో ఇక్కడివాళ్లందరికీ గుర్తే.

ఇంటి పునాది పగులుతుందేమోనన్న టెన్షన్‌తో ఎక్కువ నీళ్లు పెడుతున్నామని కొందరు చెబుతారు. ఆ భయం ఉత్తిది కాదు. ఈ నేల ఎండి ముడుచుకుంటే గోడవార మట్టి విడిపోయి వేళ్లు పట్టేంత సందు ఏర్పడుతుంది, స్లాబ్ కింద ఒకపక్క కుంగుతుంది. కానీ దానికి మందు లాన్ అంతా ముంచడం కాదు. గోడకు అడుగున్నర దూరంలో నీరు ఊరే గొట్టం ఒకటి ఇంటిచుట్టూ పరిచి, వానలేని నెలల్లో నాలుగువైపులా ఒకే మాదిరి పదును ఉండేలా చూడటం. ఒకపక్క బురద, ఒకపక్క బీట అయితేనే పునాదికి ప్రమాదం.

ఈ నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో కూడా మన పిల్లలు తెలుసుకోవాలని నా కోరిక. ఫ్రిస్కో, ప్లేనో, మెకినీ లాంటి ఊళ్లకు నీరిచ్చేది నార్త్ టెక్సస్ మున్సిపల్ వాటర్ డిస్ట్రిక్ట్. ముఖ్యంగా లావన్ చెరువు నీరు. అది చాలక, ఫానిన్ కౌంటీలో బోడార్క్ లేక్ అని కొత్త జలాశయం కట్టి 2023లో నీళ్లు వదిలారు. టెక్సస్‌లో ముప్పై ఏళ్లకు దగ్గరగా అంత పెద్ద కొత్త జలాశయం కట్టలేదు. దానికింద 16 వేల ఎకరాలకు పైగా భూమి మునిగింది. అందులో తరాలుగా పశువులు మేపుకున్న వాళ్ల భూములున్నాయి. శ్రీశైలం డ్యామ్ కింద ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయిన రోజులు నాకు తెలుసు. ఒకరి పొలం ముంచి తెచ్చిన నీరు ఎక్కడ వాడినా లెక్కగా వాడాలి. దాన్ని రోడ్డు పక్క డ్రైన్లోకి వదులుతుంటే చూస్తూ ఊరుకోలేకపోతున్నాను. మేం కాలువ చివరి భూములకు ఒక్క తడి అందించడానికి రాత్రుళ్లు కట్టమీద తిరిగాం. పై రైతు అవసరానికి మించి పెట్టుకుంటేనే చివరివాడికి అందదని అందరికీ తెలుసు. ఇక్కడ పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి చివరివాడు కంటికి కనపడడు, అంతే.

హైదరాబాద్ విల్లాల్లో కూడా ఇప్పుడు ఈ సిస్టమ్‌లు పెడుతున్నారని విన్నాను. అక్కడ చాలాచోట్ల ఎర్ర చల్కా నేల. నీరు త్వరగా ఇంకి త్వరగా ఆరుతుంది. కాబట్టి విడతలుగా పెట్టాల్సిన అవసరం తక్కువ, ఒక్కో తడి చిన్నదిగా, మధ్య విరామం తక్కువగా ఉండాలి. నేను పైన రాసిన నిమిషాలు అక్కడ పనికిరావు. డబ్బాలు పెట్టి కొలవడం, స్క్రూడ్రైవర్ గుచ్చి చూడటం మాత్రం ఎక్కడైనా ఒకటే. గేటెడ్ కమ్యూనిటీలో మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంటే లాన్‌కు ఆ నీరే ఇవ్వాలి, ట్యాంకర్ నీరు కాదు.

ఇంకో మాట. కొందరికి కాలనీ అసోసియేషన్ ఉత్తరాలంటే భయం. గడ్డి కాస్త రంగు మారితే నోటీసు వస్తుందని నీళ్లు ఎక్కువ పెడతారు. నీళ్లు తక్కువ తాగే మొక్కలతో తోట వేసుకోవడాన్ని అసోసియేషన్లు నిషేధించకూడదని టెక్సస్‌లో 2013లోనే చట్టం చేశారు. డిజైన్ ముందుగా చూపించమని అడగొచ్చు, అకారణంగా కాదనకూడదు. ముందు జాగా మొత్తం పచ్చికే ఉండాలన్న పట్టు అక్కర్లేదు. మా అమ్మాయి వాళ్లు పడమటి వైపు ఎండ దంచే ముక్కలో గడ్డి తీసేసి ఇక్కడి నేలకు అలవాటైన పొదలు వేశారు. ఆ జోన్‌కు ఇప్పుడు నీళ్లు దాదాపు పెట్టడం లేదు. మా పక్కింటి కుర్రాడు కూడా డబ్బా తెరిచి సరిచేసుకున్నాడు. అతని గడ్డికి ఏమీ కాలేదు, నీళ్ల బిల్లు చూసి అతనే వచ్చి చెప్పాడు.

సంపాదకుల వారికి నా మనవి ఇదే. ఇక్కడి నగరాల నీటి నియమాలు, ఏ ఊరికి ఏ రోజులు, ఏ నెలలో ఎన్ని నిమిషాలు అన్న వివరాలు ఇంగ్లీషులో ఎన్నో చోట్ల ఉన్నాయి. వాటిని తెలుగులో ఒక అరపేజీగా ఏటా ఫిబ్రవరి చివర్లో వేయండి. మార్చిలో గరిక చిగురేసి అందరూ కంట్రోలర్ ఆన్ చేసే సమయం అదే. పిల్లలకు తీరిక లేకపోయినా, చూడటానికి వచ్చిన మాలాంటి తల్లిదండ్రులు మీ పత్రిక చదువుతారు. అల్లుడిని, కొడుకుని గ్యారేజీలోకి పిలిచి ఆ డబ్బా తెరిపిస్తారు. వివరాలు సేకరించడంలో నా వంతు సాయం చేయడానికి సిద్ధంగా ఉన్నాను.

నమస్కారాలతో,

ఇట్లు,
ఒక విశ్రాంత నీటిపారుదల ఇంజినీరు,
నంద్యాల (ప్రస్తుతం ఫ్రిస్కో, టెక్సస్)